మడమ వెనుక ముడి

మూడేళ్ళ క్రితం రబీఉల్ అవ్వల్ మాసంలో మా మదరసా ఆవరణలో ఉచిత వైద్య శిబిరం జరిగింది. పిల్లల కళ్ళు, పళ్ళు పరీక్షించడానికి పట్టణం నుండి వైద్యులు వచ్చారు. 120 మంది పిల్లలను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పంపుతూ మధ్యాహ్నం వరకు మేము నిలుచునే ఉన్నాము. జుహర్ నమాజు తరువాత పని ముగిసింది. సామాను సర్దుకుంటున్న యువ వైద్యుడొకరు, "హజ్రత్, ఉస్తాదులు కూడా ఒకసారి కూర్చోండి, బి.పి. చూస్తాను" అన్నారు. కాదనడం మర్యాద కాదని చెయ్యి చాచాము. ఆయన చూశారు. ఏమీ అనకుండా మమ్మల్ని ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి మళ్ళీ చూశారు. రెండవ చేతికి కూడా పట్టీ చుట్టారు. అంకె మారలేదు. 168/102.

మాకు నవ్వు వచ్చింది. మా బరువు 58 కిలోలు. రెండు రొట్టెలు, కాస్త పప్పు మా భోజనం. సిగరెట్టు, పాన్ ఎరుగము. వారంలో రెండు రోజులు నఫిల్ ఉపవాసముంటాము. విందులలో ప్లేటు మీద ప్లేటు ఖాళీ చేసేవారికి రావలసిన రోగం మా చిరునామా ఎలా వెతుక్కున్నది? యంత్రం పాతదై ఉంటుందని మనసులో తీర్మానించుకున్నాము. ఇంతలో ఆ వైద్యుడు కింద పడిన పట్టీని తీయడానికి వంగి, అలాగే ఆగిపోయారు. మా మడమ పైన, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి స్నాయువును రెండు వేళ్ళతో పట్టి చూశారు.

"ఇది ఎప్పటి నుండి ఉంది హజ్రత్?"

"ముప్పై ఏళ్ళుగా. నేల మీద కూర్చొని పాఠం చెప్పేవారికి కాళ్ళు ఇలాగే ఉంటాయి."

పాఠకులలో మదరసాలో చదివినవారికి ఈ సంగతి తెలుసు. నమాజులో, పాఠంలో ఏళ్ళ తరబడి ఒకే తీరున కూర్చున్నవారి చీలమండ బయటి వైపు చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది. విద్యార్థులు దానిని ఎంతో గౌరవంగా చూస్తారు. చూడనీయడం మాకూ, నిజం చెప్పాలంటే, కొంత ఇష్టంగానే ఉండేది. మడమ వెనుక ముడిని కూడా ఆ ఖాతాలోనే వేసుకున్నాము. వైద్యుడు చాలా వినయంగా చెప్పారు: "చీలమండ మీద ఉన్నది మీరు కూర్చున్నందువల్ల వచ్చింది. ఇది మాత్రం కొవ్వు. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవారు ఉన్నారా?"

ఉన్నారు. మా అబ్బాజాన్ 47వ ఏట ఫజర్ నమాజుకు వుజూ చేస్తూ కూలిపోయారు. మా తమ్ముడు 41వ ఏట దుకాణం షట్టరు దించుతూ పోయాడు. అతడి మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చిన నాడు ఆ పాదాలను కడిగినవారము మేమే. అతడి మడమల వెనుక కూడా అచ్చం ఇదే ముడి మా వేళ్ళకు తగిలింది. అతడు మదరసాలో చదవలేదు. నేల మీద కూర్చొని పాఠం చెప్పినవాడు కాదు. చెప్పుల దుకాణంలో పగలంతా నిలుచొని పని చేసినవాడు. ఆనాడు మాకు ఆ తేడా తట్టలేదు.

రక్త పరీక్షలో ఎల్.డి.ఎల్. అనే కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 214 మిల్లీగ్రాములని తేలింది. ఏ మందూ వాడని పెద్దవారిలో అది 190 దాటితే వంశంలోని కారణాన్ని అనుమానించవలసినదేనట. ట్రైగ్లిజరైడ్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి. మేము పుస్తకాల మనుషులము గనుక, ఆ తరువాత ఆ వైద్యుణ్ణి వదలకుండా నాలుగైదు సార్లు కలిసి, అర్థమయ్యే వరకు అడిగి తెలుసుకున్నాము.

కొవ్వు రక్తంలో కరగదు. నీటిలో నూనె కరగనట్లే. అందువల్ల శరీరం దానిని చిన్న చిన్న మూటలుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. ఆ మూటలలో ఒక రకం ఎల్.డి.ఎల్. పని పూర్తయిన మూటలను రక్తంలో నుండి తిరిగి లాక్కొని జీర్ణం చేసేది ముఖ్యంగా కాలేయం. కాలేయ కణాల మీద ఈ పని కోసం ద్వారాల వంటివి ఉంటాయి. ఆ ద్వారాన్ని ఎలా తయారు చేయాలో తెలిపే జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంటుంది. ప్రతి మనిషికీ ఆ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి. తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి. రెండింటిలో ఒకదానిలో దోషముంటే ద్వారాలు దాదాపు సగమే పని చేస్తాయి. మూటలు రక్తంలోనే తిరుగుతూ పుట్టిన నాటి నుండి పేరుకుంటాయి. కొంత స్నాయువులలో చేరి ముడులవుతుంది. ఎక్కువ హాని చేసేది మాత్రం గుండెకు రక్తమిచ్చే నాళాల గోడలలో చేరేది. ప్రపంచమంతటా సుమారు 250 నుండి 300 మందిలో ఒకరికి ఈ స్థితి ఉంటుందని అంచనా. మన జుమా మస్జిదులో ఒక శుక్రవారం నిండిన జనంలో ఇద్దరో ముగ్గురో ఉండవచ్చునన్నమాట.

నార్వే దేశపు వైద్యుడు కార్ల్ ముల్లర్ 1938లోనే స్నాయువుల ముడులు, గుండెపోటు, అధిక కొలెస్ట్రాల్ ఒకే కుటుంబాలలో కలిసి వస్తున్నాయని గుర్తించారు. అది వంశంలో నడిచే తీరును స్పష్టపరచిన వారిలో ఒకరు బేరూత్‌లో పని చేసిన వైద్యుడు ఖచదూరియన్. లెబనాన్‌లో దగ్గరి బంధువుల వివాహాలు ఎక్కువ. అక్కడి కుటుంబాలను పరిశీలించి 1964లో ఆయన ప్రకటించిన విషయం ఇది: దోషమున్న ప్రతి ఒక్కటే వస్తే కొలెస్ట్రాల్ సుమారు రెట్టింపు, తల్లి నుండీ తండ్రి నుండీ రెండూ వస్తే అనేక రెట్లు. కాలేయ ద్వారాన్ని కనుగొన్న అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరం మేము అరబ్బీ వ్యాకరణం మొదటి పుస్తకం బట్టీ పడుతూ ఉన్నాము. అబ్బాజాన్ అప్పటికి బ్రతికే ఉన్నారు.

"మరి బి.పి. సంగతేమిటి? అది కూడా ఈ జన్యువు పనేనా?" అని అడిగాము. కాదట. రక్తపోటు వారసత్వం వేరే విధంగా నడుస్తుంది. దానిని శాసించే జన్యువు ఒకటి కాదు, వందలు. 2018లో ఐరోపా మూలాలున్న పది లక్షల మందికి పైగా సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనంలో, రక్తపోటుతో సంబంధమున్న జన్యుస్థానాలు కొత్తగా 535 బయటపడ్డాయి. పాతవాటితో కలిపితే 900 దాటాయి. ఒక్కొక్కటి పాదరసాన్ని వెంట్రుకవాసి మాత్రమే కదిలిస్తుంది. అయితే రెండు వారసత్వాలూ వచ్చి కలిసేది ఒకే రక్తనాళంలో. నాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తూ నాళాన్ని సడలిస్తుంది. ఎల్.డి.ఎల్. పేరుకున్న కొద్దీ ఆ పొర పాడవుతుంది, నాళం బిరుసెక్కుతుంది. బిరుసు నాళంలో పోటు పెరుగుతుంది. ఆ పోటు కొట్టిన చోట పొర మరింత దెబ్బ తిని, కొలెస్ట్రాల్ మరింత సులభంగా లోపలికి దిగుతుంది. ఏది ముందు, ఏది వెనుక అని వేరు చేయడం కష్టం.

కొవ్వు వారసత్వమంటే మాది ఒక్కటే రకమని పాఠకులు అనుకోరాదు. మా ఇంట్లోనే రెండవ రకం కూడా ఉన్నది. మా శ్రీమతి ఎల్.డి.ఎల్. చక్కగా ఉన్నది. మడమలు నున్నగా ఉన్నాయి. కానీ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, బి.పి. 150కి తగ్గదు. ఆమె పుట్టింటిలో అక్కచెల్లెళ్ళందరికీ ఇదే తీరు, అందరికీ చక్కెర వ్యాధి. ఇది ఒక్క జన్యువు దోషం కాదు. కొవ్వును ఎక్కడ దాచాలో, ఎలా ఖర్చు చేయాలో నిర్ణయించే అనేక జన్యువులలోని చిన్న చిన్న తేడాలు కలిసి వచ్చినది. దక్షిణాసియా ప్రజలలో ఈ తీరు చాలా సాధారణం. అందుకే మన దేశంలో నడుము కొలతకు హద్దులు తక్కువగా పెట్టారు: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. కొవ్వు పొట్టలో చేరిన కొద్దీ ఇన్సులిన్ పని చేయడం తగ్గుతుంది. శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఇన్సులిన్ మూత్రపిండాలకు ఉప్పును పట్టి ఉంచమని చెబుతుంది. ఉప్పు వెంట నీరు, నీటి వెంట రక్తపోటు. ఈ రకం వారసత్వానికి నడక, తిండి మీద అదుపు నిజంగా పని చేస్తాయి. మా రకానికి అవి మంచివే గానీ సరిపోవు. కొలెస్ట్రాల్‌లో పెద్ద భాగం శరీరమే తయారు చేసుకుంటుంది. తిండి మానినంత మాత్రాన కాలేయం మీద కొత్త ద్వారాలు మొలవవు. మా ఇంట్లో ఇన్నేళ్ళు జరిగినది దీనికి తలక్రిందులు. సన్నగా ఉన్నామని మేము నిశ్చింతగా ఉన్నాము. లావుగా ఉన్నావని ఆమెను మందలిస్తూ వచ్చాము.

మందు గురించి ఒక మాట. జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో వేలాది బూజులను, సూక్ష్మజీవులను వరుసగా పరీక్షించి, పెనిసిలియం జాతి బూజు ఒకదానిలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని కనుగొన్నారు. స్టాటిన్ మందుల వంశానికి అది మూలపురుషుడు. స్టాటిన్ కాలేయంలో తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం ఉన్న మంచి ప్రతి సహాయంతోనే ద్వారాలు పెంచుకొని రక్తం నుండి మూటలను లాక్కుంటుంది. మేము స్టాటిన్, దానితో మరొక మాత్ర, బి.పి.కి వేరుగా మాత్రలు వాడుతున్నాము. ఎల్.డి.ఎల్. 92కు దిగింది. బి.పి. 130 దరిదాపుల్లో ఉంటున్నది. మడమ ముడి కొంచెం మెత్తబడింది గానీ పోలేదు.

జన్యువులలోని తేడాలన్నీ కీడే చేస్తాయనీ కాదు. ఆ ద్వారాలను నాశనం చేసే ప్రోటీను ఒకటి మన శరీరంలోనే ఉన్నది. దాని జన్యువు పుట్టుకతోనే పని చేయనివారు కొందరుంటారు. అమెరికాలోని నల్లజాతీయులలో అటువంటివారిని గమనించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, వారి ఎల్.డి.ఎల్. ఇతరులకంటే 28 శాతం తక్కువ, గుండె నాళాల జబ్బు 88 శాతం తక్కువ అని తేలింది. పుట్టిన నాటి నుండి కొద్దిగా తక్కువ ఉన్నా ఫలితం అంత ఉంటుందన్నమాట. ఆ ప్రోటీనును అడ్డుకునే సూదిమందులు దాని ఆధారంగానే వచ్చాయి. ఖరీదు మాత్రం మదరసా ఉస్తాదు జీతానికి అందేది కాదు.

ఉప్పు సంగతి మదరసా వంటశాలలో చూశాము. రోజుకు మనిషికి 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మా దగ్గర తినేవారు 130 మంది. నెలకు కొనే ఉప్పు 40 కిలోలు. లెక్క వేస్తే తలకు 10 గ్రాములు దాటింది, ఊరగాయ, అప్పడాలు కలపకుండానే. నెమ్మదిగా తగ్గిస్తూ 28 కిలోలకు తెచ్చాము. మొదటి నెల పిల్లలు ఆసుపత్రి కూడు అని గొణిగారు. తరువాత మరచిపోయారు. వంటమనిషి మాత్రం ఇంకా మరచిపోలేదు.

ఇక అసలు చెప్పవలసినది. ఈ దోషమున్న తండ్రి సంతానంలో ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే వైద్యుడు మొదటి రోజే, "మీ పిల్లలను, మీ తమ్ముడి పిల్లలను, చెల్లెలిని పరీక్షించాలి" అన్నారు. తమ్ముడి ఇద్దరు కొడుకులను తీసుకురమ్మని మా మరదలికి కబురు పెట్టాము. ఆమె, "మీరు చూపించమంటే చూపిస్తాను బావగారూ. గుండె జబ్బు పిల్లవాడని మాత్రం పేరు పడనీయకండి" అన్నది. పెద్దవాడు క్షేమం. పన్నెండేళ్ళ చిన్నవాడికి 187. ఈ వయసులోనే మందు మొదలు పెట్టవచ్చునని, ఎనిమిది, పదేళ్ళ నుండే మొదలు పెట్టే పద్ధతి ఉన్నదని వైద్యుడు చెప్పారు. వాడు ఇప్పుడు రాత్రి మాత్ర వేసుకొని పగలంతా క్రికెట్ ఆడుతున్నాడు.

మా ముగ్గురు కూతుళ్ళలో పెద్దమ్మాయికి 206 వచ్చింది. ఆమెకు మా చెల్లెలి కొడుకుతో మేనరికం అప్పటికి నాలుగేళ్ళుగా మాట మీద ఉన్నది. చెల్లెలు అదే అబ్బాజాన్ బిడ్డ. అబ్బాయిని కూడా పరీక్షించమని చెప్పవలసిన బాధ్యత మాది. మేము చెప్పలేదు. నాలుగు నెలలు చెప్పలేదు. "ఇప్పుడు చెబితే ఈ పిల్ల ఒక్కతే కాదు, వెనుక ఉన్న ఇద్దరి దారీ మూసుకుంటుంది" అని మా శ్రీమతి అన్నది. మేము దానికి జవాబు చెప్పలేక కాదు, ఆ మాట మాకు అనుకూలంగా ఉన్నదని మౌనంగా ఉన్నాము.

ఆ సంవత్సరం హదీసు పాఠంలో ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం వచ్చింది. తనను పెండ్లాడగోరిన ఇద్దరిని గురించి ఆమె దైవప్రవక్త (స)ను సలహా అడిగినప్పుడు, ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని ఆయన దాచకుండా చెప్పారు. వివాహ విషయంలో సలహా ఇచ్చేటప్పుడు ఉన్న లోపం చెప్పడం పరోక్ష నింద కాదని ధర్మవేత్తలు దీని నుండే గ్రహించారు. ఇరవై ఆరేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాము. ఆనాడు సగంలో ఆపి, పిల్లలకు సెలవిచ్చి, అసర్ తరువాత ప్రొద్దుటూరు బస్సు ఎక్కాము.

చెల్లెలు విన్నది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా ఇంటికి పిల్లను ఇవ్వడం ఇష్టం లేకపోతే నేరుగా చెప్పండి భాయీజాన్. రక్తాన్ని అడ్డం పెట్టుకోకండి" అన్నది. టీ కూడా తాగకుండా తిరిగి వచ్చాము. వారం తరువాత మా మేనల్లుడు తల్లికి చెప్పకుండా హైదరాబాదులో పరీక్ష చేయించుకొని రిపోర్టు ఫొటో మా ఫోనుకు పంపాడు. 231.

ఇద్దరిలోనూ దోషమున్నప్పుడు పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడు ప్రతులూ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అటువంటి బిడ్డకు ఎల్.డి.ఎల్. 500 దాటవచ్చు. చికిత్స లేకపోతే ఇరవై ఏళ్ళు రాకముందే గుండె నాళాలు మూసుకుపోవచ్చు. స్టాటిన్ అటువంటి బిడ్డకు అంతగా పని చేయదు, ఎందుకంటే పెంచుకోవడానికి మంచి ద్వారమే ఉండదు. ఇద్దరినీ వేరు వేరుగా కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పాము. షరీఅత్‌లో ఈ వివాహం ధర్మసమ్మతమే, మేము ఆపము, నిర్ణయం మీదే అన్నాము. మా అమ్మాయి రెండు రోజులు ఆలోచించి, "ఆ నాలుగింట ఒకటి మా బిడ్డే అయితే నేను చూడలేను అబ్బాజాన్" అన్నది. అబ్బాయి కూడా అదే మాట అన్నాడని తరువాత తెలిసింది. మాట మీద ఉన్న రిష్తా మాట మీదే విడిపోయింది.

మేనరికాలన్నీ తప్పని మేము ఇక్కడ వ్రాయడం లేదు. ఇది ముస్లిముల ఇళ్ళకే పరిమితమైనదీ కాదు. తెలుగు నాట మేనరికం చేయని కులాలు తక్కువ. పైగా మనకు నిషిద్ధమైన మేనమామ, మేనకోడళ్ళ వివాహం కూడా అనేకులలో ఆచారం. దగ్గరి బంధుత్వమే ఉండనక్కరలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో చూపినదేమంటే, మన దేశంలో అనేక సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి, తమలో తామే పెండ్లాడుతూ వచ్చినందున, ఆ పూర్వీకుల జన్యు దోషాలు నేటికీ ఆ సముదాయంలో తిరుగుతున్నాయి. తెలుగు వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్స వేళ ఇచ్చే కండరాల సడలింపు మందు శరీరం నుండి త్వరగా తొలగకపోవడం దీనికి తెలిసిన ఉదాహరణ. కాబట్టి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపే స్థితిలో లేరు. మాకు తెలిసినదల్లా, ఒకే దోషం రెండు వైపులా ఉన్నదని కాగితం మీద కనబడిన తరువాత కళ్ళు మూసుకోలేమన్నదే.

మా అమ్మాయికి తరువాత వచ్చిన సంబంధాలకు మొదటి మాటలోనే సంగతి చెబుతున్నాము. మాత్రతో అదుపులో ఉన్నదని, సంతానం కోరుకునే ముందు వైద్యుని సలహాతో ఆ మాత్ర ఆపవలసి ఉంటుందని, అబ్బాయి ఒక్క రక్త పరీక్ష చేయించుకుంటే చాలునని. రెండు కుటుంబాలు మర్యాదగా వెనుదిరిగాయి. మా శ్రీమతి ఆ రోజుల్లో మాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒక కుటుంబం ఇంకా ఆలోచిస్తున్నది.

చెల్లెలు ఎనిమిది నెలలు ఫోను చేయలేదు. ఈదుకు పంపిన కానుక తిరిగి వచ్చింది. మొన్న షాబాన్ చివరి వారంలో, ఇషా తరువాత, ఫోను మ్రోగింది. సలాము చెప్పి ఊరుకున్నది. మేమూ ఊరుకున్నాము. తరువాత అడిగింది: "వాడి మాత్ర రమజానులో ఇఫ్తార్‌కు వేయాలా, సహరీకా?" రోజుకు ఒక్కటే గనుక ఏదో ఒక వేళ తప్పకుండా వేసుకుంటే చాలునని మా వైద్యుడు మాకు చెప్పారని, వాళ్ళ వైద్యుణ్ణి కూడా ఒకసారి అడగమని అన్నాము. "మరి నా బి.పి. మాత్ర?" అన్నది. ఆమెకు బి.పి. ఉన్నదని మాకు అప్పుడే తెలిసింది.